ఆ ఏడు గుమ్మడికాయ ఎవరికీ ఇవ్వలేదు

కట్టవారిపాలెం, కొత్తపేట మండలం
6-1-2002

చిరంజీవి హరిబాబుకి అక్క రత్నం దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ముక్క లేకపోతే నువ్వు కంగారు పడతావని రాశాను, అంతకుమించి దానికి అర్థం లేదు. అనిత అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు. పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్తే సాయంత్రం ఆరింటికి వస్తుంది. ఊళ్ళో అందరితోనూ మాట్లాడుతుంది, నాతో మాట్లాడ్డానికే తీరిక లేదు దానికి. కొబ్బరికి నల్లి పట్టి కాయ పిడికెడంత అయిపోయింది. నా మోకాళ్ళ సంగతి నువ్వు అడగవు, నేను చెప్పను.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఆదివారం బుచ్చిరాజు గారు నలుగురు కుర్రాళ్ళని వెంటేసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను. గ్లాసు ఖాళీ అయినా ఆయన కింద పెట్టడం లేదు. అప్పుడే నాకు అర్థమైంది, దేనికొచ్చారో.

"రత్నమ్మగారూ, కుర్రాళ్ళు నా పీక మీద కూర్చున్నారండి. డొక్కు పడవల పందెం మళ్ళీ పెడదామంటున్నారండి. నాలుగేళ్ళయిపోయింది కదండీ. మీరు వద్దన్నారంటే మాత్రం ఈ మాట మళ్ళీ ఎత్తమండి" అన్నారు.

ఆ కుర్రాళ్ళకి పందెం నియమాలు కూడా సరిగా తెలియవు. ఆయన నా ముందే వాళ్ళకి అప్పజెప్పారు. వేసవికి కాలువ కట్టేసే ముందు జరగాలి, ఇంజను ఉండకూడదు, వడ్రంగి చెయ్యి పడకూడదు, ఇంట్లో ఉన్న సరుకుతోనే పడవ చేసుకోవాలి, అందరికంటే ఆఖర్న వచ్చినవాళ్ళకి గుమ్మడికాయ. గుమ్మడికాయ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గిపోయింది. వరసగా మూడేళ్ళు ఆ గుమ్మడికాయ మన ఇంటికే వచ్చింది కదా. మీ బావ దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగేవారు. నాలుగో ఏడు మీ బావే తిరిగి రాలేదు, గుమ్మడికాయ ఎవరికీ ఇవ్వలేదు.

"నా ఒక్కదాని మాట కాదండీ, ఆ తెప్ప మీద మా తమ్ముడూ ఉన్నాడు. వాణ్ణి అడిగి శివరాత్రి వెళ్ళాక చెప్తాను" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అని దండం పెట్టి వెళ్ళిపోయారు.

కనుక అడుగుతున్నాను. పెట్టుకోమననా, వద్దననా? నువ్వు ఏదంటే అదే చెప్తాను. నీకు రెండేళ్ళకోసారి సెలవు ఇస్తారని మస్కట్ నుంచి వచ్చిన బంగారయ్యగారి మేనల్లుడు చెప్పాడు. నువ్వు వెళ్ళి నాలుగేళ్ళు. ఇవ్వలేదని నాకు రాశావు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

మీ అక్క,
రత్నం


మస్కట్
25-1-2002

అక్కకి నమస్కారం.

ఉత్తరం అందింది. నేను బాగున్నాను. ఇక్కడ చలి. పదకొండో అంతస్తుకి స్టీలు కడుతున్నాం. ఊచ మీద ఊచ పెట్టి సన్న తీగతో ముడి వేయడం, పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. నేను కట్టిన ముడి ఊడిందని ఇంతవరకు ఒక్క ఫోర్‌మనూ అనలేదు.

పందెం వద్దని చెప్పు. కారణం నన్ను అడగొద్దు, నీకు తెలియనిది కాదు. ఆ తెప్ప కట్టింది నేను. కట్లు ఊడాయి. బావ పోయాడు. పంచనామాలో కూడా అదే రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను.

బుచ్చిరాజు గారికి నా నమస్కారాలు చెప్పు. ఊళ్ళో వాళ్ళు నవ్వుకోవడానికి ఇంకేదైనా చూసుకోమను. అనితకి ఒక వాచీ పంపుతున్నాను, వచ్చే నెల వచ్చేవాళ్ళ చేతికిస్తాను.

సెలవు సంగతి తరవాత రాస్తాను.

నీ తమ్ముడు,
హరి


కట్టవారిపాలెం
8-2-2002

ఒరేయ్ హరీ,

దీవెనలు కింద రాస్తాను, ముందు తిట్లు. నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. కట్టింది నేను, పోయింది బావ అని రెండు ముక్కల్లో తేల్చేశావు. నాలుగేళ్ళుగా ఆ మాట పట్టుకుని అక్కడ కూర్చున్నావన్నమాట! పెళ్ళి మాట ఎత్తితే పలకవు. ఎస్టీడీ బూత్ నుంచి చేస్తే రెండు నిమిషాల్లో పెట్టేస్తావు. ఇదా కారణం?

నీ ముడులు కావురా. నా నోరు.

ఆ ఏడు శనివారం మధ్యాహ్నానికల్లా నీళ్ళు కట్టేస్తామని లాకుల వాళ్ళు చెప్పారు. అందుకని పందెం పొద్దున్న ఎనిమిదింటికి మార్చారు. మిగతా ఏళ్ళలో మీరు పొద్దున్న అరటిబోదెలు నరికి మధ్యాహ్నానికి తెప్ప వేసేవారు. ఆసారి ముందురోజే నరకాల్సి వచ్చింది. ముందురోజు శుక్రవారం. "శుక్రవారం పూట నా పెరట్లో పచ్చని చెట్టు మీద కత్తి పెట్టడానికి వీల్లేదు, కావాలంటే గురువారమే నరుక్కోండి" అన్నాను. గుర్తుందా? మీ బావ నవ్వి, "సరే రత్నం, నీ శుక్రవారానికి దండం" అని గురువారమే నరికారు.

ఏప్రిల్ ఎండలో రెండు రోజులు. కోసిన అరటిబోదె ఎండకి వాడి సన్నబడుతుందని, సన్నబడితే బిగించిన తాడు వదులైపోతుందని నాకు తెలియదా? రైతు ఇంట్లో పుట్టి రైతు ఇంటికి వచ్చినదాన్ని. అయినా లక్ష్మి వెళ్ళిపోతుందని పట్టుబట్టాను. ఇంటి యజమానే వెళ్ళిపోయాడు.

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అనితకి కూడా. పెరట్లో అరటి మొత్తం పీకించేసి కంద వేశాను. ఎందుకని అడిగితే అరటికి గాలి ఎక్కువ, పడిపోతున్నాయని చెప్పాను. ఇప్పటికీ శుక్రవారం వస్తే నాకు దీపం పెట్టబుద్ధి కాదు, పెడతాను.

నిన్ను ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. శనివారం పొద్దున్న మీరు నీళ్ళలోకి దిగేటప్పటికి బోదెలు వాడి ఉన్నాయా? కట్లు వదులైపోయాయా? అవునంటే పందెం వద్దని బుచ్చిరాజు గారికి చెప్పేస్తాను, ఇక నేను బతికుండగా ఎవరూ అడగరు. నన్ను ఊరడించడానికి రాయకు. నా మాట వల్ల ఆయన పోయారో లేదో నాకు తెలియాలి.

దీవెనలు.
అక్క


మస్కట్
1-3-2002

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. ఇవాళ శుక్రవారం, ఇక్కడ సెలవు. రూములో అందరూ బట్టలు ఉతుక్కుంటున్నారు. ఇవాళ రాయకపోతే ఇక రాయలేను.

బోదెలు వాడలేదు. గురువారం నరికిన గంటకే కాలువలో దింపి, పైన తడి గోనెలు కప్పాం. శుక్రవారం సాయంత్రం నేనే వెళ్ళి ప్రతి కట్టూ బిగించి, మీద ఎక్కి గెంతి చూశాను. రాయిలా ఉంది. నీ శుక్రవారానికీ బావ చావుకీ ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క ముక్కా చదివి ఉత్తరం మడిచేసినా నాకు బాధ లేదు.

మిగతాది కూడా రాస్తున్నాను.

శనివారం పొద్దున్న బావ రేవులో ఆడవేషానికి చీర కట్టుకుంటూ, "ఆఖర్న రావడం పాతబడిపోయిందిరా హరీ, ఈసారి సరిగ్గా వంతెన ముందు తెప్ప విడిపోవాలి, ఇద్దరం బుడుంగున మునగాలి" అన్నాడు. నాకూ సరదాగానే అనిపించింది. బిగించిన కట్లలో ముందువి రెండు విప్పి జారుముడులు వేశాను. రెండింటి కొసలూ కలిపి నా చేతికి చుట్టుకున్నాను. ఒక్కసారి లాగితే ఊడిపోయేట్టు. "అక్కకి చెప్పకు, చీర తడిపానని తిడుతుంది" అన్నాడు. అది నీ వంకాయరంగు చీర.

తక్కినవాళ్ళంతా వెళ్ళిపోయారు. బంగారయ్యగారు డ్రమ్ముల మీద కట్టిన మంచం కూడా మమ్మల్ని దాటేసింది. మేం చేటలతో తెడ్డు వేసుకుంటూ ఆఖర్న వచ్చాం. వంతెన మీద జనం మా కోసమే చూస్తున్నారు. బావ లేచి నిలబడి గొడుగు తిప్పుతూ, "బాబోయ్, పడిపోతున్నానండీ" అని అరిచాడు. అది నాకు సైగ. లాగాను.

అనుకున్నట్టే విడిపోయింది. నేను నాలుగు బారల్లో గట్టుకి వచ్చేశాను. బావ నాకన్నా బాగా ఈదుతాడు కదా. ఒకసారి పైకి వచ్చి చెయ్యి ఊపాడు. చాలా బాగా చేస్తున్నాడనుకున్నాను. నేను గట్టు మీద నిలబడి జనానికి దండాలు పెడుతున్నాను అక్కా. అటు తిరిగి దండం, ఇటు తిరిగి దండం. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎన్ని దండాలు పెట్టానో నాకు తెలుసు. ఆరు.

తాడూ చీరా కలిసి బావ కాళ్ళకి చుట్టుకున్నాయి. ఆ తాడు నేను లాగింది. పైకి తీసినప్పుడు అది విప్పింది కూడా నేనే. పంచనామా రాసేటప్పుడు కట్లు ఎలా ఊడాయని అడిగితే, వాటంతటవే ఊడాయన్నాను. నవ్వించబోయి పోయాడని ఊరు చెప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నిజం చెప్పాలంటే నీ మొహం చూడ్డానికి భయం వేసింది. సెలవు వాళ్ళు ఇచ్చారు. నేనే వద్దన్నాను.

నీ మాట గురించి మనసులో ఇంత పెట్టుకున్నావని నాకు తెలియదు. తెలిస్తే మొదటి నెలలోనే రాసేవాణ్ణి. రాసేవాణ్ణనే అనుకుంటున్నాను.

హరి


కట్టవారిపాలెం
14-3-2002

హరీ,

నాలుగేళ్ళు. నాలుగేళ్ళపాటు నా పెరట్లో నేను తలెత్తి నడవలేదు. ఒక్క ఉత్తరం ముక్కతో పోయే బరువుని నువ్వు నాలుగేళ్ళు నా నెత్తి మీద ఉంచావు. నీకు తెలియదంటావు. అడిగావా? ఒక్కసారైనా, అక్కా నీకేమనిపిస్తోంది అని అడిగావా?

చీర తడిస్తే తిడతానట. నేను ఆయన్ని ఎప్పుడు తిట్టానని.

ఇప్పుడప్పుడే రాయకు. అనిత వాచీ వచ్చింది.

రత్నం


కట్టవారిపాలెం
27-3-2002

చిరంజీవి హరికి,

మొన్న రాసిన దానికి నువ్వు అన్నం మానేసి ఉంటావని తెలుసు. తిను. నీ మీద కోపం పోలేదు, కానీ కోపం ఉన్న మనిషికే కదా అన్నం పెట్టేది.

ఉత్తరం అనితకి చదివి వినిపించాను. అది విని, "మావయ్యని రమ్మనమ్మా" అంది. బస్సుకి వేళైందని వెళ్ళిపోయింది. బస్సుకి ఇంకా అరగంట ఉంది.

నువ్వు అంతా రాశావు. నేను రాయలేదు. శుక్రవారం మాట నిజమే, దానికి నేను ఏడిచిందీ నిజమే. కానీ దాని కింద ఇంకోటి ఉంది. అది కనపడకుండా ఉండాలని శుక్రవారాన్ని పైన పరుచుకుని కూర్చున్నాను. నువ్వు ఆ శుక్రవారాన్ని లాగేశావు. ఇక దాచుకోవడానికి నాకేమీ లేదు.

నేను వంతెన పక్కనే ఉన్నాను, వీరవేణి వదినతో. తెప్ప విడిపోగానే నాకు నవ్వాగలేదు. నా చీర చూసి ఇంకా నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాను. మీ బావ రెండోసారి పైకి వచ్చి, "రత్నం" అన్నారు. నా పేరే పిలిచారు. ముందు ఏడాది కూడా నీళ్ళలో పడి అలాగే పిలిచారు కదా, అందరి ముందూ నన్ను సిగ్గుపడేట్టు చేయడానికి.

అప్పటికే గట్టు చేరిన బంగారయ్యగారు చొక్కా విప్పారు. "అమ్మా, ఆయన నిజంగానే..." అన్నారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "ఉండండి బంగారయ్యగారూ, ఆయన సంగతి మీకు తెలియదు, ఇంకాసేపు ఆడతారు" అన్నాను. ఆయన ఆగిపోయారు. భార్యని, నేనే చెప్తుంటే ఎందుకు ఆగరు?

ఎంతసేపు ఆగారో నాకు తెలియదు. నువ్వు దండాలు లెక్కపెట్టుకున్నావు. నేను ఏదీ లెక్కపెట్టలేదు, నవ్వుతున్నాను.

బంగారయ్యగారు ఇంతవరకు ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాకు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతారు. నేను ఆయన మీద నిందవేస్తానేమోనని భయపడి తప్పుకుంటున్నారని ఊరు అనుకుంటోంది. మొన్న శనివారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. "ఆ రోజు మిమ్మల్ని ఆపింది నేనండీ, మీ తప్పేం లేదు" అని వాళ్ళావిడ ముందు, కోడలి ముందు చెప్పాను. ఆయన పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "దూకాల్సిందండి, మీరు చెప్పినా నేను దూకాల్సిందండి" అన్నారు. ఎవరిది వాళ్ళు పట్టుకుని ఉన్నాంరా అందరం.

అక్కణ్ణించి తిన్నగా బుచ్చిరాజు గారి దగ్గరికి వెళ్ళి, పెట్టుకోండి అన్నాను. ఎందుకన్నానో సరిగా చెప్పలేను. వద్దంటే, ఆయన ఏదో తప్పుపని చేస్తూ పోయినట్టు ఉంటుంది. ఆయన చేసింది తప్పుపని కాదు. ఉగాది మర్నాడు, ఆదివారం. ఈతగాళ్ళు ఇద్దరు నాటుపడవలో వెనకే రావాలని, ఎవరూ చీర కట్టకూడదని చెప్పాను. "ఆయ్" అన్నారు.

అక్క


మస్కట్
12-4-2002

అక్కా,

తింటున్నాను.

బంగారయ్యగారు దూకి ఉంటే బావ బతికేవాడా అని నువ్వు అడగలేదు. అడగకపోయినా ఆ ప్రశ్న నీ ఉత్తరంలో ఉంది. బతికేవాడు కాదని రాద్దామని కలం పట్టుకున్నాను. మనిద్దరం ఒకరి కోసం ఒకరం దాచింది చాలు. నాకు తెలియదక్కా. బతికేవాడేమో. నేను తాడు లాగకపోతే బతికే ఉండేవాడు. నువ్వు నవ్వావు, నేను దండాలు పెట్టాను, బావ మనిద్దరినీ పిలిచాడు. ఇది ఇంతే. దీన్ని చిన్నది చేయడం నా వల్ల కాదు.

కానీ నువ్వు నవ్వావని తెలిశాక నాకు నీ దగ్గరికి రావాలని ఉంది. ఇలా రాయొచ్చో లేదో తెలియదు. నాలుగేళ్ళు నువ్వు గట్టు మీద ఏడుస్తూ నిలబడ్డావని, నన్ను చూసి అసహ్యించుకున్నావని అనుకున్నాను. నువ్వూ నాలాగే ఉన్నావు.

ఎల్లుండి పందెం. నేను డ్యూటీలో ఉంటాను. ఎలా జరిగిందో ఏదీ వదలకుండా రాయి. సెలవుకి పెట్టాను, ఇంకా ఏమీ చెప్పలేదు.

హరి


కట్టవారిపాలెం
28-4-2002

చిరంజీవి హరిబాబుని అక్క దీవించి రాస్తోంది.

నీ ఉత్తరం మొన్న అందింది. ఏదీ వదలొద్దన్నావు కనుక వినుకో.

తొమ్మిది పడవలు వచ్చాయి. లారీ ట్యూబుల మీద తలుపు కట్టినవాళ్ళు ఒకళ్ళు, నీళ్ళ ట్యాంకు సగానికి కోసి అందులో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళు. పడమటివీధి కుర్రాళ్ళు డ్రమ్ముల మీద సైకిలు బిగించి, తొక్కితే వెనక రేకులు తిరిగేట్టు చేశారు. బంగారయ్యగారి మంచం మళ్ళీ దిగింది. ఆయన మాత్రం దాని మీద ఎక్కలేదు, చొక్కా విప్పి, తువ్వాలు నడుముకి బిగించి గట్టు మీద నిలబడ్డారు. అరటి తెప్ప ఎవరూ వేయలేదు. నేను వద్దనలేదు, వాళ్ళే వేయలేదు.

నేను రానన్నాను. అనిత నా చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది. వెళ్ళాను. వీరవేణి వదిన నాకోసం అదే చోట పక్కన జాగా ఉంచింది. అంతమంది జనంలోనూ నా చుట్టూ రెండు మూరలు ఖాళీ. పడవలు బయలుదేరాయి. పడవల్లో వాళ్ళు అరుస్తున్నారు కానీ గట్టు మీద ఎవరూ నోరు తెరవడం లేదు. ముందు నన్ను చూసి, తరవాత పడవల్ని చూస్తున్నారు. చావుకి వచ్చినట్టు నిలబడ్డారు హరీ, ఊరంతా.

సైకిలు పడవ వంతెన దగ్గరికి వచ్చేసరికి గొలుసు తెగింది. తొక్కుతున్న కుర్రాడు, పాలకేంద్రం వాళ్ళ అబ్బాయి సాయిదుర్గాప్రసాద్, కాళ్ళు గాలిలో ఆడించి వెనక్కి పడ్డాడు. పడుతూ "బాబోయ్" అన్నాడు. మామూలుగా ఎవరైనా అనే మాటే. బంగారయ్యగారు అప్పటికే నీళ్ళలో ఉన్నారు. ఎప్పుడు దూకారో నేను చూడలేదు. నాటుపడవ వాళ్ళిద్దరూ దూకారు. కుర్రాడు లేచి నిలబడ్డాడు, ఈ ఏడు కాలువలో నీళ్ళు తక్కువ, వాడి గుండెల దాకానే ఉన్నాయి. నెత్తి మీద గుర్రపుడెక్క, చేతిలో సైకిలు పెడలు. ముగ్గురు మగాళ్ళు వాణ్ణి మూడు పక్కలా పట్టుకుని లాగుతుంటే వాడు, "నాకేం కాలేదండీ, వదలండి బాబూ, నా సైకిలండీ" అంటున్నాడు.

ఒక్కరు కూడా నవ్వలేదు. వాడు నవ్వబోయి, వంతెన మీదికి చూసి, మొహం మాడ్చుకున్నాడు. ఏదో తప్పు చేసినవాడిలా పెడలు వెనక దాచుకున్నాడు. అంతా నన్ను చూస్తున్నారు. బుచ్చిరాజు గారు మైకు కిందికి దించేశారు.

ఇక లాభం లేదని అర్థమైంది. నేను మొదలుపెడితే తప్ప ఈ ఊరు నవ్వదు. నాకు నవ్వు రాలేదురా. రాకపోయినా నవ్వాను. గట్టిగా, వంతెన అవతలికి వినపడేలా. మొదట అది నవ్వులా లేదు. అనిత నన్ను చూసి భయపడింది. రెండోసారి నవ్వాను. అప్పుడు వీరవేణి వదిన నవ్వింది, తరవాత ఎవరో ఆడవాళ్ళు, తరవాత అందరూ. ఆ కుర్రాడు మొహం విప్పారి పెడలు పైకెత్తి చూపించాడు. బంగారయ్యగారు నీళ్ళలోనే మొహం కడుక్కుంటూ నిలబడిపోయారు. గుమ్మడికాయ వాడికే ఇచ్చారు.

నీ సెలవు సంగతి తేలగానే తెలియజేయి. అనిత నీకోసం ముందుగది ఖాళీ చేసింది, తన పుస్తకాలు నా మంచం కింద పెట్టింది. నువ్వు వచ్చినప్పుడు నేను ఏమైనా అంటానేమో, అంటే పడు.

ఒకటి మిగిలిపోయింది. ఆ నవ్వు ఎంతసేపు ఉందనుకున్నావు? బంగారయ్యగారు గట్టెక్కే లోపే అయిపోయింది. జనం అప్పుడే అవతల ట్యూబుల పడవ వైపు తిరిగారు. నేను మీ బావ పోయిన చోటే చూస్తూ ఉన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన మీద నాకు ఎప్పుడూ అంత కోపం రాలేదు. ఈ కాస్త నవ్వుకా అండీ, ఇంత మాత్రానికా వెళ్ళిపోయారు అన్నాను. పైకే అన్నాను. పక్కన వీరవేణి వదిన విని నా చెయ్యి పట్టుకుంది.

మీ అక్క,
రత్నం